తరుగు

గ్రిమ్స్‌బీలో, మూతపడ్డ చేపల కొట్టు పైన గది నాది.
హీటర్ వేస్తే గోడలు ఇంకా
కాడ్ చేప వాసన కక్కుతాయి.
లెక్కలు రాస్తాను. గంటకు ఇరవై ఎనిమిది పౌండ్లు.
ఒక మంగలి షాపు, రెండు టాక్సీలు, పచ్చబొట్లు పొడిచే అమ్మాయి,
ఈ మధ్య కెల్విన్ ఆస్క్యూ.

కెల్విన్ జూదమాడడు. ఆ మాట ముందే చెప్పాడు,
మాంసం ముట్టనని చెప్పినట్టు.
కాసినోలకు నక్షత్రాలు వేస్తాడు, అంతే.
"నమ్మదగినది." "గెలిచిన డబ్బు గంటలో చేతికొస్తుంది."
ఐదుకి ఐదు.
ఆ నక్షత్రాల మీద వేలు పెట్టి లోపలికి వెళ్లినవాళ్లు
పోగొట్టుకున్న ప్రతి వందలో
ముప్పై అయిదు కెల్విన్‌వి.
ఎన్నాళ్లు పోగొట్టుకుంటే అన్నాళ్లూ.

"మోసం చేస్తున్నారు" అంటూ వచ్చాడు నవంబరులో,
తడిసిన కోటు విప్పకుండానే.
మాల్టా నుంచి వచ్చిన పద్దు బల్ల మీద పరిచాడు.
"నేను పంపింది నూట నలభై మందిని.
వీళ్లు చూపించింది తొంభై ఆరు.
మిగతావాళ్లేరీ?"

నవ్వొచ్చింది. ఆపుకున్నాను.
దుగ్గిరాల యార్డులో పసుపు తూచేటప్పుడు
తేమకింత, మట్టికింత, గోనెసంచికింత అని
తరుగు తీసేవాళ్లు.
తప్పుడు తూకం వాసన అక్కడే పట్టుబడింది నాకు.
తాడిని తన్నేవాడి తలదన్నేవాడు
ఎండ కాసే ఓ దీవిలో కూర్చున్నాడన్నమాట.
సరే, పని పనే.

పేర్లుండవు. అంకెలే.
6114.
మంగళవారం రాత్రి ఒంటిగంటా పది: ఇరవై.
ఒకటీ నలభై: ఇరవై.
రెండు: పది.
రెండూ ఇరవై: పది.
మూడు దాటాక ఐదు.
ఐదు.
చిల్లర కోసం సోఫా సందుల్లో వెతుకుతున్న చప్పుడు
కాగితంలోంచి వినిపించింది.

జూలైలో ఒకసారి 6114 గెలిచింది
(గెలిచాడేమో, అంకెకు ఆడామగా లేదు),
రెండు వేల మూడు వందలు.
ఆ రాత్రి ఎవరో ఎవర్నో నిద్రలేపి ఉంటారు.
బాయిలరు మార్పించేద్దాం అని ఉంటారు.
కెల్విన్ ఖాతాలో మాత్రం అది ఎర్ర సిరా, బాకీ.
ఆగస్టు నెలాఖరుకల్లా
ఆ బాకీ 6114 తీర్చేసింది,
ఎవరూ అడగకుండానే.

సెప్టెంబరు పదకొండు తర్వాత ఆ వరస లేదు.
"ఇదిగో, కొట్టేశారు!" బల్ల గుద్దాడు కెల్విన్.
చెవుల దాకా ఎర్రబడ్డాడు. అన్యాయమైపోయినవాడి ముఖం.
నటన కాదు, నిజంగానే.
"ఎవరో ఒకరు జవాబు చెప్పొద్దా?"
చెప్పాలి, అన్నాను.
ఉత్తరం నేనే రాశాను: 6114 ఏమైనట్టు?

తొమ్మిది రోజులకు ఒక్క వాక్యం, కింద ఇలారియా అని సంతకం.
"సదరు ఖాతా కుటుంబసభ్యుల అభ్యర్థన మేరకు మూసివేయబడింది."

కెల్విన్ రెండుసార్లు చదివాడు.
కిటికీలోంచి కాసేపు రేవు వైపు చూశాడు,
పడవలు లేని రేవు.
కుటుంబసభ్యులు అడిగారంటే,
అడగాల్సిన మనిషి ఏమైనట్టు?
అతనూ అదే అనుకుంటున్నాడనుకున్నాను.
"మరి ఆ మిగతా నలభై మూడు?" అన్నాడు.

వెతికాను. పదిహేడు మంది దొరికారు,
నిజంగా తరుగులో పోయినవాళ్లు.
అతని సొమ్ము అతనికొచ్చింది.
కాకిలెక్క కాదు, పైసాతో సహా పక్కా.
నా బిల్లు: పదకొండు గంటలు, మూడు వందల ఎనిమిది.
అదే సాయంత్రం జమ చేశాడు. మంచి ఖాతాదారు.
ఆ మూడు వందల ఎనిమిదిలో
మూడు దాటాక వేసిన ఐదు ఎక్కడుందో
ఏ చిట్టా తిరగేసినా తేలలేదు.

క్లీథోర్ప్స్ బస్సులో నా ముందు సీటావిడ
ఫోన్ మీద వేలు జరుపుతోంది.
కిటికీ అద్దంలో, బయటి వాన మీద,
ఐదు నక్షత్రాలు తేలుతున్నాయి.
ముందుకు వంగాను.
"ఏమండీ" అనడానికి ఇంగ్లీషులో ఏదో మాట ఉండాలి.
వెతుక్కుంటుండగానే
నా స్టాపు వచ్చింది.