జాజు గుర్తు

శనివారం శనివారం
మాల్ కాడ బస్సు మారి
పది గంటలకు మా ఊర్ల దిగేది.
సంకకు నీలం సంచి, అండ్ల ఇరవై సీసాలు,
ఒక చిన్న డబ్బల గులాబి రంగు మందు.

పేరు అల్మాజ్.
మావోళ్ల నోరు తిరగలే, అలివేలన్నరు.
దానికే పలికింది.

దేశం ఇథియోపియానట.
పట్నంల రెండేండ్ల సదువు.
సెలవు దినం ఊకె ఉండబుద్ధి గాక
ఎవలు పిలవకుండనే వచ్చింది.
"జీతమెంత?" అడిగిండు కిరాణం జంగయ్య.
లేదన్నది.
"మరి మాతోని నీకేం పని?"
అప్పుడు నవ్వింది.
ఇగ ఎవ్వలేం అడగలే.
ఆమె పండ్లు గూడ మా లెక్కనే,
గార పట్టి, మాడిన మక్కగింజల తీరు.

బోరు బోరుకు తిరిగినం, నేను, ఆమె.
సీసల నీళ్లు పట్టి రెండు చుక్కలేస్తది.
గులాబి గులాబిగనే ఉంటే తాగొచ్చు,
పసుపుపచ్చగైతే వద్దు.
పసుపంటే గడపకు రాస్తం,
పసుపంటే పెండ్లిపిల్ల పాదాలు.
ఆ ఎండకాలమంత నాకు
పసుపును చూస్తే గుండెల దడ.
పదిహేడు బోర్లల్ల పదమూడు.

ఒకనాడు మా ఇంట్ల కూసొని
మా మాటలు రాసుకుంటుంది:
ఉప్పు. చీపురు. వదినె. మంచినీళ్లు.
"మంచి అంటే మంచే గదా?"
ఔనన్న.
"మరి ఇవి?" అని చెంబు దిక్కు చూసింది.
నేను చింతపండు పిసుకుతున్న.
ఇంకా పిసికిన. పులుసు చిక్కగైంది.
ఆమెనే చెంబెత్తి గటగట తాగింది,
"మా అమ్మ బాయి ఇంకింత పసుపు" అనుకుంట.

పదమూడు బోర్లకు ఎర్ర రంగేసింది.
తెల్లారేసరికి ఎవలో గీకిన్రు.
ప్లాట్ల రేటు పడిపోతదంట.
మళ్ల ఏసింది. మళ్ల గీకిన్రు.
ఆమె తిట్టలే, వాళ్లు ఆగలే.

పోయేటప్పుడు పిరికెడు కాఫీ గింజలిచ్చింది.
పెంక మీద ఏంచితే వాడంత వాసన.
మా ఆయన ఒక్క గుటకేసి
బర్రెల కొట్టం దిక్కు ఉమ్మొచ్చిండు.
నేను మొత్తం తాగిన, చేదు చేదుగనే.

డబ్బల మందు దసరకు ఒడిసింది.
ఇప్పుడు నల్లా వస్తుంది, అబద్ధమెందుకు.
రాని దినం మాత్రం బోరే దిక్కు,
అందుట్ల ఇటుక బట్టీలకొచ్చిన ఒడిశోళ్లకు
ఏ దినమైనా బోరే.
వాళ్లకు మా మాట రాదు, నాకు వాళ్లది రాదు.

గడపకు పూసే జాజే ఇంకింత కలిపి
బోర్లకు గూడ పూస్తున్న.
వాన పడితే పోతది. మళ్ల కలుపుత.

మొన్న ఒక బట్టీ పోరడు
బోరు కొట్టి దోసిలి పట్టిండు.
జాజు చేత్తోనే చెయ్యి గుంజిన.
వాని మణికట్టు మీద నా అయిదు వేళ్లు, ఎర్రగ.
జడుసుకున్నడు.
ఏమని చెప్పాలె, ఏ భాషల?
నవ్విన,
పండ్లన్నీ కనబడేటట్టు.