రైలు రాని సంవత్సరం

గుణుపురం బస్టాండు పక్క పాత పుస్తకాల బండి మీద
ముప్పై రూపాయలకి దొరికింది.
అట్ట మీద కత్తి, కత్తి కొసన ఎర్రచుక్క.
‘నూటికి నూరుపాళ్లూ యథార్థం’ అని
లోపలి పేజీలో రచయిత ఒట్టు.
నూటికి నూరన్నవాణ్ణి
మా సంతలో చింతపండు కొనేవాళ్లు కూడా నమ్మరు,
వేలుపెట్టి గింజ తీసి చూస్తారు.

నేనూ తీశాను.

పన్నెండో పేజీలో తంగుడు జోగయ్య సావుకారు
పందొమ్మిది వందల ఇరవయ్యేడు కార్తీకంలో
గుణుపురం స్టేషన్లో ఆఖరి రైలు దిగుతాడు.
ఆ ఏడు మా ఊరికి పట్టాలే లేవు.
పర్లాకిమిడిలో ఆగిపోయేది చిన్న రైలు,
అక్కణ్ణుంచి ఎడ్లబండి, వంశధార ఇసక.
దిగిన సావుకారు
ఇంకో నాలుగేళ్లు నిలబడాలి, స్టేషను కట్టేదాకా.

పద్నాలుగులో నిండు పున్నమి.
పాత పంచాంగం తిరగేస్తే ప్రభవ, కార్తీక బహుళ త్రయోదశి,
తెల్లారగట్టగానీ లేవడు చంద్రుడు.
హంతకుడి మొహం కనపడాలి కదా,
రెక్క పట్టుకుని లాక్కొచ్చారు పాపం.

ఇరవై రెండులో ఒరిస్సా పోలీసులు.
ఒరిస్సా పుట్టడానికి ఇంకా ఎనిమిదేళ్లుంది.

ముప్పై ఒకటిలో, లోపల గడియ వేసిన గదిలో,
ఊపిరి పోయే ముందు జోగయ్య
తల్లి చేతి గంజిని తలుచుకున్నాడు.
ఇక్కడ పెన్సిలు ఆగింది.
చచ్చేవాడు తలుచుకున్నది
ఎవరికి చెప్పి చచ్చాడు?

కోరాపుట్ రికార్డు గది చుట్టూ మూడు రోజులు తిరిగితే
నాలుగో రోజు నకలు ఇచ్చారు.
పుస్తకంలో ‘ఎవడో కొండవాడు’ అన్న సాక్షికి
అందులో పేరుంది. సొంబారు గొమాంగో.
వయసు సుమారు నలభై, కట్టెలమ్మడానికి దిగొచ్చినవాడు.
అతను సవర మాటల్లో చెప్పాడు,
దుబాసీ ఒడియాలోకి దించాడు,
గుమాస్తా తెలుగులో రాసుకున్నాడు,
దొర ఇంగ్లీషులో శిక్ష వేశాడు.
నాలుగు కడవలు మారిన నీళ్లు.
ఎక్కడ ఎంత ఒలికిందో
కోర్టు ముద్రకి మాత్రం ఏం తెలుసు?

శిక్ష పడినవాడు బెవర దాలినాయుడు.
మా నాయనమ్మ తండ్రి.
ఇది మొదట్లోనే చెప్పాల్సింది.

పుస్తకంలో ఒక్కో తప్పూ దొరికినకొద్దీ
ముత్తాత మెడలో ఉరి ఒక్కో పురి వదులవుతుందనుకున్నాను.
లేని రైలు తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపుతుందనుకున్నాను.

నాయనమ్మ చెప్పేది,
“ఆ రేత్రి ఒకటే వోన బావూ. కుండపోత.
మా అయ్య గుమ్మం దాటనేదు.”

నకలు వెనక కుట్టిన కాగితాల్లో తాలూకా వానలెక్క ఉంది.
ఆ వారమంతా సున్నా. సున్నా. సున్నా.
ఏడేళ్ల పిల్ల విన్న వాన అది,
లేదా పెద్దలెవరో వినమన్న వాన.
పెన్సిలు చాలాసేపు చేతిలో తిప్పాను.
నాయనమ్మకి మార్జిను లేదు, ఎక్కడ రాయను?

పుస్తకంలో ఒక్క వాక్యం మాత్రం
నకలుతో అక్షరం తేడా లేకుండా కలిసింది.
‘సావుకారు మొలగుత్తిలో ఒక తాళంచెవి దొరకలేదు.’
వెన్నెల లేదు, తల్లి లేదు, విశేషణం లేదు.
రచయిత నిద్రమత్తులో రాసుంటాడు, అందుకే నిజమైంది.

మా దేవుడి గూట్లో, కుంకంభరిణె వెనక,
ఏ తాళానికీ పట్టని ఇత్తడి తాళంచెవి ఒకటుంది.

ఈ మాట రాయగానే
ఒళ్లు ఝల్లుమంది, నిజమే.
అట్ట మీద వేసుకోవచ్చు, కత్తి తీసేసి.
కానీ ఏ ఇంట్లో లేదు అలాంటి తాళంచెవి?

పైన నేను రాసిన ఆ రెండు పంక్తుల కింద
గీత గీసి, పక్కన
చిన్నగా పెట్టాను:
‘ఆధారం?’