అర చుట్టు

పడవల షెడ్డు సామాను వేలం వేసిన రోజు
దాని దగ్గరకొచ్చేసరికి పాట ఆగిపోయింది.
మనిషికన్నా ఎత్తు, ఆంబోతంత బరువు,
రెండు చక్రాల పాత పట్టీరంపం.
నూట నలభై డాలర్లకి
బడి బస్సు నడుపుకునే నాకు దక్కింది.

"నీకెందుకే లీటా ఈ తుప్పు?" అంది చెల్లెలు వెర్నా.
తూకం ధరకే వచ్చింది కదా అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

నోవా స్కోషియా తీరంలో నవంబరంటే
గ్యారేజీ తలుపు సందులోంచి కూడా ఉప్పు.
సముద్రపు గాలి తిని వదిలేసిందే నా వాటా.
ఒక్కో బోల్టుది ఒక్కో అలక.
నూనె పోసి, వేడి చూపించి, బతిమాలి,
రాత్రికి వదిలేసి పొద్దున మళ్లీ పలకరిస్తే
కొన్ని కదిలాయి.
ఒకటి మెడ విరుచుకుంది గానీ మాట వినలేదు.
దాన్ని తొలిచి తీయడానికి
ఒక ఆదివారం మొత్తం పోయింది, చర్చితో సహా.

గీకితే రంగు కింద రంగు.
బూడిద, దాని కింద ఓడల పచ్చ,
దాని కింద పేరు తెలియని ఏదో నలుపు.
కింది చక్రం మూత లోపల మాత్రం
ఎవరూ బ్రష్షు పెట్టలేదు.
అక్కడ పెన్సిలు గీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
పడవ పక్కటెముకల లెక్క.
ముప్పై ఏడు దగ్గర ఆగింది.
పక్కన తేదీ, 1961 మార్చి 9.
గుడ్డతో తుడవబోయి
ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

బేరింగులు అరిగి గుల్లయ్యాయి.
కొత్తవి ఏ కొట్లోనూ లేవు, పోసుకోవాల్సిందే.
ఇరుసుకి కొవ్వొత్తి మసి పట్టించాను,
కాటుకంత పల్చగా.
గరిటెలో తెల్లలోహం కరిగాక
పైన్ పుల్ల ముంచి చూడాలి:
భగ్గుమంటే వేడెక్కువ,
తెల్లగానే తిరిగొస్తే తక్కువ,
దోరగా వేగితే ఇక ఆలోచించకూడదు,
ఒక్క ధార, ఒక్క ఊపిరి.
మొదటిసారి ధార తెగి అతుకు పడింది.
రెండోసారి ఇనుము చల్లగా ఉండి పగిలింది.
తెల్లారి బస్సెక్కిన కార్కమ్‌ల చిన్నోడు
"నీ చేతులకి ఆ నలుపేంటి?" అన్నాడు.
బెల్టు పెట్టుకో అన్నాను.
మూడోసారి సంగతి ఎవరికీ చెప్పలేదు,
ఇరుసుని వేలితో తోస్తే
అది తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది.

ఫిబ్రవరి చివర్లో ఆరిన్ హిమ్మెల్‌మన్ వచ్చాడు.
నేను పిలవలేదు.
మా ఊళ్లో కబురు పొగమంచుకన్నా ముందే దిగుతుంది.
ఎనభై నాలుగేళ్లు, రెండు చెవులూ మూతబడ్డాయి.
చిన్నప్పుడు చర్చిలో ఆయన వెనక బల్ల మాది.
కీర్తనల పుస్తకం పట్టుకున్న ఆ కుడిచేతి వేళ్లు
ప్రతి వారం లెక్కపెట్టేదాన్ని.
ప్రతి వారం మూడే.

మూత తెరవనా వద్దా అని నేను తటపటాయిస్తుంటే
తనే వంగి తెరిచాడు,
చీకట్లో సొంతింటి గొళ్లెం తీసినట్టు.
చూశాడు. మూశాడు.
"ముప్పై ఎనిమిదోది తడి ఓక్," అన్నాడు.
"తొందర నాది. రంపం తప్పేం లేదు."

స్విచ్ వేశాను.
వినబడదు కదా, చెయ్యి ఇనుము మీద ఆనించాడు,
ఆ చెయ్యే, పిల్లాడికి జ్వరం చూసినట్టు.
జేబులోంచి ఐదు సెంట్ల బిళ్ల తీసి
రంపం బల్ల మీద అంచున నిలబెట్టాడు.
పడింది.
మళ్లీ పడింది.
"ఆపు" అని సైగ చేసి,
పట్టీ బిగించే పిడిని అర చుట్టు వదులు చేశాడు.
"అందరూ దీన్ని అర చుట్టు ఎక్కువే బిగిస్తారు,"
గొణిగాడు, "అప్పుడూ అంతే."

ఈసారి బిళ్ల నిలబడింది.
చక్రాల హోరు మధ్య, బీవర్ బొమ్మ నావైపు పెట్టి,
నిటారుగా.

టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు,
కాఫీ తాగుతావా అని అడిగేలోపే.
ఆయన ట్రక్కు మలుపు దాటాక కూడా
చాలాసేపు స్విచ్ కట్టలేదు నేను.
చక్రాలు ఆగేటప్పుడు చిన్న వణుకు ఉంటుంది,
బిళ్ల పడిపోతుందేమోనని.