గురువారం పొరపాటు

కెమియార్విలో చెరువు మీద మంచు ఇంకా పగల్లేదు.
నేను గీసిన ఇంటికి నేనే వచ్చాను
తప్పెక్కడుందో వెతకడానికి.

ఈ ఇంట్లో గడప లేదు.
చక్రాల వాకరుకి అడ్డు తగలకూడదని
అన్నిటినీ నేలమట్టం చేయించింది నేనే.
గోడల్లో జానెడున్నర మందాన చెక్కపీచు,
కిటికీకి మూడు పొరల అద్దం,
భూమి కడుపులోని వెచ్చదనాన్ని తోడి
పాదాల కింద పారించే గొట్టాలు.
అర్ధరాత్రి ఆవిడ మంచం దిగితే
గోడవారగా పల్చని వెలుగొకటి లేచి
స్నానాల గది దాకా తోడు నడుస్తుంది,
మళ్లీ పడుకోబెట్టి తనూ పడుకుంటుంది.

హిల్కాకి ఎనభై ఎనిమిది.
తుంటి ఒకసారి విరిగింది, చూపు అంచుల్లో మాసింది.
"నీ ఇల్లు మంచిదేనే పిల్లా,
కాకపోతే నేనెక్కడున్నానో
నాకంటే ముందు దానికి తెలుస్తుంది."

ఫిర్యాదు ఇదీ:
పొద్దున తొమ్మిదిలోగా కాఫీ మరగకపోతే
ఇల్లు పక్కింటి వెయిక్కోకి కబురు పెడుతుంది.
ఈ చలికాలంలో పదకొండుసార్లు పెట్టింది.
పదకొండుసార్లూ ఆవిడ కుర్చీలో
నిక్షేపంగా మేజోళ్లు అల్లుకుంటోంది.

తీగలు విప్పాను, బిగించాను.
సెన్సరుకి ఏ రోగమూ లేదు.
తేదీలు వరసగా పేర్చి చూస్తే
అన్నీ గురువారాలే.

ఆవిడ వైపు తిరిగాను.
అల్లిక ఆపలేదు.
"వాళ్లావిడ పోయింది గురువారం.
ఆ రోజు అతను కర్టెన్లు తియ్యడు, పొయ్యి వెలిగించడు.
నన్ను కనిపెట్టుకోమని ఇంటికి చెప్పావు, బాగానే ఉంది.
అతన్నెవరు కనిపెట్టుకోవాలట?"

మొదటిసారి పరిగెత్తుకొచ్చాడట,
మోకాలిలోతు మంచులో, ఒక గుండీ తప్పి పెట్టిన కోటుతో.
ఆ రోజు నిజంగానే సిగ్గేసిందట ఆవిడకి.
రెండోసారి గబగబా నడిచొచ్చాడు.
నాలుగోసారికి జుట్టు దువ్వుకుని.

"అతనికి తెలుసా?"
"అడగలేదు.
పోయినవారం యాలకుల రొట్టె తెచ్చాడు.
కంగారుపడి వచ్చేవాడు రొట్టె తెస్తాడా?"

ఇవాళ ఏ వారమో అప్పుడు గుర్తొచ్చింది.
గోడ మీద తొమ్మిది దాటి ఆరు నిమిషాలు.
కాఫీ యంత్రం చల్లగా ఉంది, బల్ల మీద కప్పులు రెండు.
ఆవిడ లేచి, వాకరు పట్టుకుని వెళ్లి,
నా కోసం మూడోది తీసింది.

బయట మంచు కరకరలాడింది.
తలుపు తెరుచుకుంది.
పొడుగ్గా, వంగి, నన్ను చూసి కాస్త తడబడి,
ఆయన బూట్లు విప్పి చోటు వెతుక్కున్నాడు.

అప్పుడు దొరికింది తప్పు.
గుమ్మం పక్కన బూట్ల అర గీసింది నేనే.
ఒక్క జతకే సరిపోతుంది.

బూట్లు నేల మీదే పెట్టాడు.
మడమలకి అంటిన మంచు కరిగి,
ఆపడానికి గడపైనా లేదు కదా,
తిన్నగా వంటింటి దాకా వచ్చింది.