దిండ్ల బల్ల

దిండు అద్దె మూడు యూరోలు.
పగలంతా రోళ్లు పగిలే ఎండ తాగిన రాతిమెట్లు
రాత్రి తొమ్మిదైనా చల్లారవు.
నాకక్కర్లేదని విసురుగా దాటిపోయినవాళ్ళు
రెండో అంకం అయ్యేసరికి తిరిగొస్తారు,
నడుం మీద చెయ్యేసుకుని, కాస్త సిగ్గుపడుతూ.

వెరోనా అరీనాలో ఓ కమాను కింద
ఇరవై రెండు వేసవులుగా నా బల్ల.
అక్కణ్ణించి వేదిక కనపడదు.
పాట మాత్రం రాళ్ళ సందుల్లోంచి
వడకట్టినట్టు దిగుతుంది.
పుర్రెకో బుద్ధి అంటారు గానీ
నా అనుభవంలో పిర్రకో బుద్ధి.

ముసలి తుల్లియో
పియానోలు శ్రుతి చేసి చేసి రిటైరైన మనిషి.
ఒళ్ళో స్వరాల పుస్తకం, నుదుటికి చిన్న దీపం,
గనిలోకి దిగేవాడిలా.
"ఇదీ ఒక వినడమేనా, నీవెస్?
గొంతులో పుట్టింది నూరు, నా చెవికి ముట్టింది ముప్ఫై.
మిగిలిందంతా గాలికి పోయిన పేలపిండి.
నాలుగు గోడలూ ఓ కప్పూ ఉంటే
నిట్టూర్పుకి కూడా ఇల్లుండేది."
అంటూనే ప్రతి శుక్రవారం వస్తాడు.
మరెందుకొస్తావని అడిగితే
దిండు మరీ పల్చగా ఉందని కోప్పడతాడు.

ఓర్తెన్సియాది చేపల అంగడి.
చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని
మోకాళ్ళ మీదే పీచ్ పళ్ళు కోస్తుంది.
"లోపలి థియేటర్లో దగ్గొస్తే
హత్య చేసినట్టు చూస్తారమ్మా.
ఇక్కడ నా దగ్గు నేరుగా ఆకాశంలోకి పోతుంది.
ఆ పిల్ల పాడుతూ పాడుతూ చచ్చిపోతుంటే
నెత్తిమీద నిజమైన చుక్కలుండాలి,
లేకపోతే నాకు ఏడుపు రాదు.
సరిగ్గా వినపడకపోతే ఏం?
మా ఆయన మాట ముప్ఫయ్యేళ్ళు వినపడలేదు,
కాపురం చెయ్యలేదూ?"

గ్రాట్స్ నుంచి వచ్చిన ఓ కుర్రాడు
గుర్రాలెక్కువ, సంగీతం తక్కువ అన్నాడు.
అతని పక్కనున్నమ్మాయికి
ఇంకో రెండు గుర్రాలుంటే బాగుండేదని ఉంది.

జూలై ఆఖరి శుక్రవారం, మూడో అంకంలో వాన.
ముందు వయొలిన్లవాళ్ళు లేచారు,
పసిబిడ్డల్ని దాచినట్టు వాయిద్యాల్ని కోట్లలో దాచుకుని.
ఆమె మాత్రం ఆగలేదట.
పైకి, ఇంకా పైకి ఎక్కుతున్న ఒకే స్వరం మీద ఉంది,
నిచ్చెన నడుమ దిగడానికి వీల్లేని మనిషిలా.
సరిగ్గా అప్పుడే ఉరిమింది.

తడిసినవాళ్ళంతా నా కమాను కిందికే.
"విరిగింది, ఆ స్వరం విరిగింది,
నా చెవులతో విన్నాను" అని తుల్లియో.
"విరిగింది ఆకాశం, పిల్ల కాదు" అని ఓర్తెన్సియా.
అసలంత పైకి ఎక్కనే లేదని ఆ కుర్రాడు.
అతని పక్కనున్నమ్మాయి ఏడుస్తోంది,
ఎందుకంటే చెప్పదు.
"నువ్వు చెప్పు నీవెస్,
నీకు వడకట్టుకుని వస్తుందిగా!"

ఇరవై రెండేళ్ళలో
నన్నొకరు అడగడం అదే మొదలు.
ఆ సమయానికి నేను చిల్లర లెక్కపెడుతున్నాను.
నలభై ఒకటి, నలభై రెండు,
నలభై మూడు అనబోయి
తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.
ఉరుముకో, ఆమెకో.

"దిండ్లు ఇచ్చేసి వెళ్ళండి" అన్నాను.

పొద్దున మెట్లనిండా దిండ్లు ఆరేశాను.
నీళ్ళు తాగిన దిండు
నిద్రపోయిన పిల్లవాడంత బరువు.
ఒకదానిమీద పీచ్ రసం మరక;
చీమలు బారు కట్టాయి, వాటికేం అనుమానాల్లేవు.
లెక్కలో ఒకటి తగ్గింది.

మళ్ళీ శుక్రవారం
తుల్లియో నా బల్ల దగ్గర ఆగలేదు.
చంకలో సొంత దిండు.
అంచు కుట్టు చూశాను, నా కుట్టే.
అడగలేదు.