ఓపిక లెక్క

రోస్కాఫ్‌లో మార్చి నెల సముద్రం
రోజుకి రెండుసార్లు వెనక్కి తగ్గి
పడవల్ని బురదలో ఒరగేసి పోతుంది.
మళ్ళీ ఎప్పుడొస్తుందో గోడమీది పట్టిక చెబుతుంది.
మిగతా ఎవరి రాకకీ ఇక్కడ పట్టిక లేదు.

నా పని గడియారం పట్టుకోవడం.
గాజుతొట్టిలో రెండు గదులు.
ఒకదాంట్లో చచ్చిన రొయ్యముక్క, తలుపు తీసే ఉంటుంది.
రెండోదాంట్లో బతికున్న రొయ్య, గంతులేస్తూ,
తలుపు మూసి.
ముక్క తింటే రొయ్య పోతుంది,
ఆగితే దక్కుతుంది.
బుద్ధికి మేం పెట్టిన పరీక్ష ఇదే, ప్రస్తుతానికి.

కాగితాల మీద ఆ కటిల్‌ఫిష్ పేరు ఎస్-పద్నాలుగు.
అజెనోర్ మాత్రం దొరసాని అంటుంది.
మూడు గుండెలు, నీలి నెత్తురు,
అల ముడతపడ్డట్టు కంటిపాప.
ముక్క కంటబడకుండా
ఒళ్ళంతా ఇసుకరంగు చేసుకుని
మొహం గోడకి తిప్పుకుంది.
నూటపదకొండు సెకన్లు.
రాశాను.

పక్కగదిలో పిల్లలు.
వంటాయన కూతురు తిఫెన్, ఐదేళ్ళది.
ఉప్పు కారమెల్ బిళ్ళ ఒకటి బల్లమీద; ఆగితే రెండు.
కాళ్ళూపింది. తన జడ తనే నమిలింది.
ముప్పైతొమ్మిదో సెకనుకి
బిళ్ళ తీసి గౌను జేబులో వేసుకుంది.
"తినలేదుగా" అంది.
"మరి ఎవరికి?"
"తమ్ముడికి. వాడికి జ్వరం, మీరు రానివ్వలేదు."

కాగితంలో రెండే గడులు: ఆగింది, ఆగలేదు.
నా పెన్ను వాటి మధ్య గీతమీద నిలబడింది.
పైనుంచి ఫోనొచ్చాక
రెండో గడిలో టిక్కు పెట్టాను.
ఇప్పటికీ అది వంకరే.

మూడోది యంత్రం.
గ్రెనోబ్ల్ నుంచి చెక్కపెట్టెలో దిగింది,
ఒక చెయ్యి, ఒక కెమెరా, బోలెడు వైర్లు.
దానికి తిండి లేదు కాబట్టి అంకెలిచ్చారు:
ఇప్పుడైతే ఒకటి, ఆగితే పది.
ఆగింది.
పది నిమిషాలు. గంట. మా భోజనాల వేళ దాటిపోయినా.
చెయ్యి వణకలేదు. కన్ను తిప్పుకోలేదు.
డాక్టర్ కెర్వెల్లా చప్పట్లు కొట్టి
పట్టికలో పై వరస దానిదే అన్నాడు.

అజెనోర్ తొట్టి కడుగుతోంది.
ముప్పైయేళ్ళుగా మోచేతుల దాకా
రబ్బరు తొడుగుల్లోనే బతికిన మనిషి.
తల ఎత్తకుండా అడిగింది:
"దానికి ఆకలేస్తుందా, డాక్టర్?"
"లేదు."
"మరి దేన్ని ఆపుకుందీ?"

ఎవరూ రాసుకోలేదు. నేనూ రాసుకోలేదు.

దొరసాని బతికేది మహా అయితే రెండేళ్ళు.
ఎనభయ్యేళ్ళ మనిషికి
ఆ నూటపదకొండు సెకన్లు ఎంతవుతాయో
బస్సు టికెట్ వెనక హెచ్చవేశాను.
గంటా పద్నాలుగు నిమిషాలు,
ఒక్క రొయ్య కోసం, గోడవైపు తిరిగి.
నేనైతే ఇరవై నిమిషాలకే లేచిపోయేదాన్ని.
టికెట్ పారేశాను. వంగి మళ్ళీ ఏరుకున్నాను.

ఓర్చినమ్మకు తేటనీరంటారు.
ఇక్కడ ఓర్చినా ఓర్చకపోయినా
తేటనీరు పంపులోంచి వస్తుంది.
ఆగస్టులో దొరసాని గుడ్లు పెట్టింది,
నల్లద్రాక్ష గుత్తిలా.
ఆ తర్వాత తినడం మానేసింది.
రెండు తలుపులూ తీసిపెట్టాం.
బతికున్న రొయ్య
గదులన్నీ తిరిగి, ఆమె చేతులమీదుగా నడిచి,
తన గదికి తనే వెళ్ళిపోయింది.
నా చేతిలో గడియారం నడుస్తూనే ఉంది.
ఆపాలని తోచలేదు.

ఆ రాత్రి దీపాలార్పడానికి వెళితే
యంత్రం ఇంకా చెయ్యి చాపుకునే ఉంది.
మరో పరీక్షకని పెట్టి, వారం నుంచి
దానికి చాలని చెప్పడం అందరూ మరిచిపోయారు.
అజెనోర్ జేబు తడుముకుని
కారమెల్ బిళ్ళ ఒకటి తీసి, కాగితం విప్పి
ఆ లోహపు వేళ్ళ మధ్య పెట్టింది.
జాలో, వెక్కిరింతో,
ఆమె మొహం చీకట్లో ఉంది.

పొద్దున వచ్చేసరికి
కిటికీ పగులులోంచి చీమలబారు,
వైర్ల మీదుగా, మోచేతి మీదుగా.
చెయ్యి కదల్లేదు.
చీమలు గోరంత గోరంత విరుస్తున్నాయి.
ఒక్కటీ అక్కడ తినడంలేదు.
మోసుకుపోతున్నాయి.