ఏ దూదికని అడుగు

ఆదోని పత్తి యార్డులో కాటా గదికి
కిటికీ ఒకటే. దానికీ సగం అట్ట.
టేబులు కింద దూది ధూళి మింగి మింగి
గురక పెట్టే కంప్యూటరొకటి.
దాని వయసు అడిగితే ఉరుకుందప్ప
"మా చిన్నోడు ఐదో తరగతిలో ఉన్నెప్పుడు పెట్నారు,
ఇప్పుడు వానికి మీసాలొచ్చినాయి" అంటాడు.

నేను కట్టిన మూట అందులో తెరుచుకోలేదు.

రాత్రి ఇంట్లో కూర్చుని కట్టినాను
పదమూడో నంబరు కంపైలరుతో.
కొత్తది, చురుకుది, తప్పు ఎక్కడుందో
గీత గీసి బాణమేసి చూపించేది.
మా తూకం ప్రోగ్రాం పదకొండేళ్ల పాతది.
తనకు కావాల్సిన హెడరు తాను పిలవకుండా
పక్కింటి పొయ్యిలో నిప్పు తెచ్చుకుని
ఇన్నాళ్లూ వండుకున్న సంగతి అప్పుడే బయటపడింది.
"ఎవరి పొయ్యి వాళ్లు వెలిగించుకోండి" అంది పదమూడు.
సరే, ఒక వరుస చేర్చినాను. ముడి పడింది.
నా ల్యాప్‌టాప్‌లో నిక్షేపంగా నడిచింది.
నా ల్యాప్‌టాప్‌లో నడవడం కూడా ఒక వార్తేనా!

ఇక్కడ, బండ్లు గేటు దాటి బారు తీరిన పొద్దున,
నల్ల తెర మీద ఒకటే వాక్యం:
నువ్వడిగిన లైబ్రరీ వెర్షను దొరకలేదు.
తిట్టలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషితో
ఆ పేరుగలవాళ్లు ఈ ఇంట్లో లేరండి
అన్నంత మర్యాదగా.

కోసిగి నుంచి వచ్చిన రైతు
చుట్టూ పత్తి కాబట్టి వెలిగించలేని బీడీని
చెవి మీద పెట్టుకుని తొంగి చూసినాడు.
"ఎంతసేపమ్మా? ఎండెక్కితే తూకం దిగుతాది."
ఉరుకుందప్పదీ న్యాయమైన ప్రశ్నే:
"కొత్తదాంతో చేసినావు కదా, ఇంకా బాగుండాల గదా,
మరి యాల పలకదు?"

మా జేజినాయన దస్తగిరి
విల్లు భుజానేసుకుని వీధులు తిరిగి దూదేకినోడు.
ఇంట్లో రెండు నారులుండేవి.
మేకపేగుతో బిగించిన కొత్తది, టంయ్ మంటే
గోడ మీద పల్లెం కూడా పలికేది.
ఇంకొకటి వదులుది, ముసలిది, దూలానికి వేలాడేది.
ఎవరో పాత పరుపు విప్పించినారొకసారి,
లోపల నల్లగా గడ్డకట్టిన దూది.
నేను ముచ్చటపడి కొత్త నారి అందించినాను.
"దీనికి అది తగిల్తే పీచు తెగి పొడైపోతాది మే.
విల్లు మంచిదా అని కాదు,
యా దూదికని అడుగు."

ఇదంతా ఉరుకుందప్పకు చెప్పే టైము కాదు.
"ఈ ఇంట్లో ఉన్న సామాన్లతోనే వండాలన్నా" అన్నాను.
ఆయనేమో మిషనే మార్చేద్దామా అన్నాడు.
కాటా నుంచి దీనికొచ్చే తీగ భాష
ఈ పాత పెట్టెకొక్కదానికే వచ్చు;
అది నేర్పిన కంపెనీ బోర్డు కూడా ఇప్పుడు లేదు.

ల్యాప్‌టాప్ లోపల ఒక గది పాతగానే ఉంచుకున్నాను,
గోడలు, గూళ్లు, లైబ్రరీలు అప్పటివే.
అందులో ఎనిమిదో నంబరుంది. లేపినాను.
సగందాకా బుద్ధిగా చదివి ఆగిపోయింది:
ఈ వాక్యం నాకు అర్థం కాలేదు.
చూస్తే అది నేను రాసిందే,
నిరుడు, కొత్త వ్యాకరణం నేర్చిన మురిపెంతో.
మూడు వరుసల పని ఒక్క వరుసలో చేసినానని
అప్పుడు నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.
కొట్టేసి, మళ్లీ మూడు వరుసలు రాసినాను.
పొయ్యి వరుస మాత్రం ఉంచేసినాను.
పదమూడు చెప్పిన మాట మంచిదే,
చెప్పింది పదమూడైనంత మాత్రాన కాదనకూడదు.

బ్యాటరీ పద్నాలుగు శాతం.
కంపైలరు ఒక్కో ఫైలు నములుతుంటే
బయట ఎండ గేటు దాటి, హమాలీల నీళ్లడ్రమ్ము దాటి,
మొదటి బండి మీదికెక్కింది.

తెర మీద అంకెలు కదిలినప్పుడు
ఎవరూ కేకలేయలేదు. "ఆఁ, నెక్స్టు" అన్నాడు ఉరుకుందప్ప.
కోసిగి రైతు చీటీని రెండుసార్లు చదివి,
ఇంటి దగ్గర కాటాలో మూడు కిలోలు ఎక్కువుండె, అన్నాడు,
నాతో కాదు, బీడీతో.

మధ్యాహ్నం, కిటికీ లేని వైపు కూర్చుని
మూట చిట్టాలో ఎక్కించినాను:
కంపైలరు ఎనిమిది. మార్చదలచినవాళ్లు
ముందు ఆదోని వచ్చి ఈ పెట్టెను చూసి మార్చండి.
కారణం అన్న చోట
లైబ్రరీ పేరు, వెర్షను నంబరు రాసి,
తుడిచి,
పొద్దెక్కితే పత్తి ఎండుతుంది
అని రాసినాను.